ఎరుపు చెరువుకే: రొయ్యల చెరువు యాప్‌లో ఎరర్ మెసేజీలు తిరగరాసిన డైరీ

జూన్ 11

తెల్లవారుజామున 4:20కి పెదనాన్న ఫోన్ చేశారు. "ఒరేయ్, నీ యాప్ మూడో చెరువులో డీవో ఎర్రర్ అంటోంది. ఏరేటర్లన్నీ వేసేశాను. ఆక్సిజన్ బిళ్ళలు కూడా చల్లమంటావా?"

నిద్ర ఎగిరిపోయింది. డీవో అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్. ఏరేటర్లంటే నీళ్ళని చిలికి గాలి కలిపే యంత్రాలు. రాత్రంతా చెరువులో నాచు కూడా దాన్ని పీల్చుకుంటుంది కాబట్టి తెల్లారేముందే అది బాగా పడిపోతుంది. 3 పీపీఎం (లీటరుకి 3 మిల్లీగ్రాములు) కంటే కిందకి వెళ్తే గుండె దడే.

"మీటరు ఎంత చూపిస్తోంది పెదనాన్నా?"

"4.2."

"మరి బాగానే ఉంది కదా?"

"నాకూ అదే అనిపించిందిరా. కానీ నీ యాప్ మళ్ళీ ప్రయత్నించండి అంటోంది. మళ్ళీ వెళ్ళి చూశాను, 4.1. మళ్ళీ అదే మాట. ఇంకోసారి చూశాను, 4.2. అప్పుడూ అదే మాట."

ఆయన ఫోన్‌లో కనిపించింది ఇది. డీవో గడి కింద ఎర్ర అక్షరాలతో "ఎరర్! దయచేసి మళ్ళీ ప్రయత్నించండి". నేను రాసిన అర్థం, సేవ్ బటన్ మళ్ళీ నొక్కమని. ఆయన చదువుకున్న అర్థం, నీళ్ళు మళ్ళీ చూడమని. అరవై దాటిన మనిషి చీకట్లో టార్చిలైటు పట్టుకుని, చెరువులోకి వేసిన తడి చెక్క బల్ల మీద మూడుసార్లు నడిచి వెళ్ళి మీటరు ముంచారు. అంతా సిగ్నల్ సరిగా లేనందుకు.

సర్వర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే లాగ్ చూశాను. మూడు రీడింగులూ సర్వర్‌కి చేరాయి, మూడూ సేవ్ అయ్యాయి. వెనక్కి రావలసిన జవాబే ఆయన ఫోన్ దాకా రాలేదు. పది సెకన్లు చూసి నా కోడ్ చేతులెత్తేసి, ఆఖరున వేలు పెట్టిన గడి కింద ఎర్ర మాట రాసేసింది.

ఏరేటర్లు ఆపేయమని చెప్పాను. ఇవాళ కొత్త ఫీచర్ల పని ఆపేశాను. ముందు ఈ మెసేజీలు బాగుపడాలి.

జూన్ 12

కొత్తగా చదివేవాళ్ళకి ఈ యాప్ సంగతి రెండు మాటల్లో. ఆకివీడు వైపు, ఉప్పుటేరుకి దగ్గర్లో, నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబ్ కోసం మొదలుపెట్టాను. రైతులు సీసాలో నీళ్ళు తెస్తారు, ల్యాబ్ అమ్మాయి పీహెచ్, ఉప్పదనం, అమ్మోనియా వగైరా చూసి యాప్‌లో ఎక్కిస్తుంది. రైతులు తమ ఫోన్లోనే డీవో, మేత, చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) చూసుకున్న వివరం రాసుకుంటారు. అరవై మంది దాకా వాడుతున్నారు. ఫోన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ప్లే స్టోర్‌లో లేదు.

కోడ్ మొత్తం వెతికాను. ఎరర్ మెసేజ్ చూపించే చోట్లు 47. అందులో 31 చోట్ల ఒకే వాక్యం, నిన్న పెదనాన్నని తిప్పిన వాక్యమే. ఐదు చోట్ల డేటాబేస్ ఇచ్చిన ఇంగ్లీషు వాక్యం యథాతథంగా తెర మీదకి వస్తోంది, టేబుల్ పేర్లతో సహా. అలా చూపించడం చొరబడేవాడి చేతిలో ఇంటి ప్లాను పెట్టినట్టే. వాటిని ఈ సాయంత్రమే మూసేశాను.

మిగిలినవాటిని పెద్ద కాగితం మీద రాసుకుని గుట్టలుగా వేశాను. మొదట సర్వర్ జవాబుతో పాటు పంపే స్టేటస్ కోడ్‌ల ప్రకారం వేశాను, 400లు (అడిగినదాంట్లో తేడా) ఒక పక్క, 500లు (సర్వర్లో తేడా) ఒక పక్క. కుదరలేదు. రైతుకి ఆ తేడాతో పనిలేదు. తర్వాత ఒకే ప్రశ్న పెట్టుకుని మళ్ళీ వేశాను: ఈ కష్టం ఎక్కడుంది? చెరువులోనా, రాసిన అంకెలోనా, దారిలోనా, మా సర్వర్లోనా? నాలుగు గుట్టలు తేలాయి. ఏ గుట్టకీ చెందనిది ఒక్కటీ మిగల్లేదు.

ఒక నిర్ణయం ఇవాళే రాసి పెట్టుకుంటున్నాను. ఎరుపు రంగు చెరువుకి మాత్రమే. సిగ్నల్ పోయినా, సర్వర్ పడిపోయినా, అంకె తేడాగా రాసినా ఎరుపు రాకూడదు. మా ఊళ్ళో తెల్లవారుజామున ఫోన్లో ఎరుపు కనిపిస్తే మనిషి పరిగెత్తేది చెరువు వైపే.

జూన్ 14

సర్వర్ వైపు పని. ఇన్నాళ్ళూ ఒక్కో చోట ఒక్కో ఆకారంలో ఎరర్ పంపుతున్నాను. ఒక చోట ఉత్త వాక్యం, ఒక చోట అంకె. ఇంకో చోటైతే అంతా బాగుందనే 200 స్టేటస్‌తో లోపల "ఫెయిల్" అనే మాట! ఈ చివరిది చాలా చెడ్డ అలవాటు. పై పొర అంతా బాగుందని చెప్తుంటే లోపల విషయం వేరుగా ఉంటుంది. జవాబులు దాచి ఉంచే క్యాషులు, మానిటరింగ్ పనిముట్లు పై పొరనే నమ్ముతాయి.

అన్నిటినీ ఆర్‌ఎఫ్‌సీ 9457 అనే ఇంటర్నెట్ ప్రమాణం చెప్పిన ఆకారంలోకి మార్చాను. 2016లో వచ్చిన 7807 స్థానంలో 2023 జూలైలో వచ్చిన ప్రమాణం ఇది. టైప్, టైటిల్, స్టేటస్, డీటెయిల్, ఇన్‌స్టెన్స్ అని ఐదు గళ్ళు ఇస్తుంది. మన సొంత గళ్ళు చేర్చుకోవడానికీ ఒప్పుకుంటుంది. నేను ఒకటి చేర్చాను: "ఎక్కడ". దాని విలువ నాలుగు గుట్టల్లో ఒకటి. ఫోన్ వైపు కోడ్ ముందు చూసేది ఆ గడినే, స్టేటస్ అంకెని కాదు.

తెలుగు వాక్యాలు మాత్రం సర్వర్ నుంచి పంపడం లేదు. సర్వర్ టైప్ పంపుతుంది, వాక్యం ఫోన్లోనే ఉంటుంది. సర్వర్ దాకా చేరలేనప్పుడు చెప్పాల్సిన మాటలు సర్వర్ దగ్గర పెట్టుకుంటే ఏం లాభం?

ఫోన్ వైపు కోడ్‌లో ఒక పాత బగ్ దొరికింది. సర్వర్‌ని అడిగి జవాబు తెచ్చే ఫెచ్ అనే ఫంక్షన్ 404 వచ్చినా 500 వచ్చినా విఫలమైనట్టు చెప్పదు. జవాబంటూ ఏదో ఒకటి వస్తే చాలు, దాని దృష్టిలో పని అయినట్టే. కనెక్షనే దొరక్కపోతేనో, మధ్యలో తెగిపోతేనో మాత్రమే తిరస్కరిస్తుంది. జవాబులో "ఓకే" అనే గుణం నిజమా కాదా అని మనమే చూడాలి. మేత పేజీలో నేను చూడలేదు. అంటే సర్వర్ 500 అన్నా అక్కడ పచ్చ టిక్కు పడింది. సేవ్ కానిదాన్ని సేవ్ అయిందని చెప్పాను. డైరీలో ఇది రాస్తుంటే బాధగా ఉంది. ఆ అంకెల మీదే రైతు మర్నాటి మేత లెక్క వేసుకుంటాడు.

జూన్ 17

ఈ వారం కాలువలకి నీళ్ళు వదిలారు. మా వీధి చివర పంట బోదెలో ఎర్రనీళ్ళు వచ్చాయి. కాలువ మొదలయ్యే విజ్జేశ్వరం నుంచి ఇక్కడ శివారు దాకా రావడానికి ఎన్ని రోజులు పడుతుందో ఊళ్ళో ప్రతివాడూ చెప్తాడు.

ఇవాళంతా మాటల పని. కోడ్ కంటే ఇది కష్టం.

పాత మెసేజీలన్నీ ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో రాసినవి. "చెల్లని విలువ నమోదు చేయబడింది." ల్యాబ్ అమ్మాయికి చూపిస్తే, "చెల్లని అంటే చిరిగిన నోటా అన్నయ్యా?" అంది. నిజమే, మన వాడుకలో చెల్లనిది నోటో, చెక్కో. అంకె చెల్లకపోవడం ఏమిటి? "ఈ ఫీల్డ్ తప్పనిసరి" అన్నదాన్ని ఒక రైతు "ఈ ఫీల్డు తప్పు" అని చదివాడని కూడా ఆ అమ్మాయే చెప్పింది. చిన్న అక్షరాల్లో, కళ్ళజోడు లేకుండా, మొదటి రెండక్షరాలే కనిపిస్తాయి.

"తప్పు" అనే మాటనే మొత్తం యాప్‌లోంచి తీసేశాను. తెలుగులో తప్పు అంటే పని చెడిందని కాదు, ఎవరో చేశారని. పంచాయితీలో వేసే తప్పు, దేవుడి ముందు ఒప్పుకునే తప్పు. అంకె ఒకటి ఎక్కువ నొక్కినవాడికి ఆ మాట అక్కర్లేదు. "లోపం", "దోషం" పుస్తకాల్లో మాటలు, చెరువు గట్టు మీద ఎవరూ అనరు. చివరికి పేరే పెట్టకుండా, జరిగిందీ చెయ్యాల్సిందీ చెప్పడమే మేలని తేల్చుకున్నాను.

"పీహెచ్ 84 అని ఉంది. 8.4 అని రాయబోయారా?"

ఇందులో ఎరర్ అన్న మాట లేదు, దయచేసి లేదు. మనిషి ఏం రాశాడో అదే అతనికి తిరిగి చూపిస్తుంది, ఏం చేస్తే పోతుందో అడుగుతుంది. ఉపయోగించేవాళ్ళు ఇబ్బందిని గుర్తుపట్టేలా, కారణం తెలుసుకునేలా, బయటపడేలా మెసేజ్ సాయం చెయ్యాలని వాడకం సులువు మీద పనిచేసిన జేకబ్ నీల్సన్ 1994 నాటి పది సూత్రాల్లో తొమ్మిదోది. నాకు ఆ సూత్రం కాలేజీ రోజుల నుంచీ నోటికి వచ్చు. తెలుగులో ఆ వాక్యం కట్టడం ఇప్పుడే నేర్చుకుంటున్నాను.

ఇంకో సంగతి ఇవాళ కళ్ళ ముందే బయటపడింది. చిన్న ఫోన్లో కింద వచ్చే పట్టీ ఒక్క లైనే చూపిస్తుంది, మిగిలింది మూడు చుక్కలు. "మూడో చెరువు డీవో రీడింగ్ సేవ్ కాలేదు" అన్న వాక్యం ఆ పట్టీలో "మూడో చెరువు డీవో రీడింగ్ సేవ్..." అని ఆగిపోయింది. సేవ్ అయిందా, కాలేదా? తెలుగులో అవును కాదు తేల్చే క్రియ వాక్యం చివర వస్తుంది. ఇంగ్లీషు కోసం తయారైన పట్టీ కత్తిరించేది సరిగ్గా ఆ చివరనే. రెండు పనులు చేశాను. కత్తిరించడం మానేసి, ఎన్ని లైన్లయినా పూర్తిగా చూపించమన్నాను. పైగా విషయం ముందుకి తెచ్చాను: "సేవ్ కాలేదు: మూడో చెరువు డీవో". లైన్ల మధ్య ఎడం కూడా పెంచాల్సి వచ్చింది. కింద ఒత్తులు, పైన గుడులు ఒకదానికొకటి తగిలి "స్థ్య" లాంటిది నల్లటి చుక్కలా కనిపిస్తోంది.

ముక్కలు అతికించి వాక్యాలు చేసే పద్ధతి కూడా తీసేశాను. ఇంగ్లీషులో గడి పేరు పక్కన ఒకే తోక పెడితే ఎక్కడైనా నడుస్తుంది. మనకి "మేత ఎన్ని కిలోలో రాయండి", "చెరువు ఏదో ఎంచుకోండి", "ఉప్పదనం ఎంతో రాయండి" అని దేని క్రియ దానిదే. ప్రతి గడికీ పూర్తి వాక్యం విడిగా రాసుకున్నాను. 62 వాక్యాలయ్యాయి. రెండు రోజులు పట్టింది, పట్టనీ.

జూన్ 20

చిన్న పని అనుకున్నది రోజంతా తినేసింది. చెక్ ట్రే ఫోటో ఎక్కిస్తుంటే కొందరికి తెల్లటి పేజీలో ఇంగ్లీషులో 413 అని వస్తోంది. నా కోడ్‌లో ఎంత వెతికినా ఆ వాక్యం లేదు. ఉండదు కూడా. అది నా యాప్ ముందు కూర్చున్న ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఇచ్చే జవాబు, పంపింది మరీ పెద్దదని. ఏమీ చెప్పకపోతే అది 1 ఎంబీ దాటిన దేన్నీ లోపలికి రానివ్వదు. ఇప్పటి ఫోన్ కెమెరా ఫోటో అంతకు మూడు నాలుగింతలు ఉంటుంది.

హద్దు 8 ఎంబీకి పెంచాను. కానీ అసలు మందు అది కాదు. గట్టు మీద సిగ్నల్‌కి 4 ఎంబీ ఫోటో పంపమనడమే అన్యాయం. ఫోన్లోనే ఫోటోని పొడవు వైపు 1600 పిక్సెళ్ళకి కుదించి పంపుతున్నాను. ట్రేలో మిగిలిన మేత, రొయ్య పేగు రంగు కనిపించడానికి ఆ సైజు చాలు. ల్యాబ్ అమ్మాయికి పది ఫోటోలు చూపించి, పేగు తెల్లబడిందో లేదో తెలుస్తోందా అని అడిగాకే ఆ అంకె ఖాయం చేశాను.

ఇంజిన్‌ఎక్స్ ఇచ్చే 413కి, యాప్ పలకనప్పుడు ఇచ్చే 502, 504కి కూడా తెలుగు పేజీలు పెట్టాను. బయటి ఫాంటు గానీ, బొమ్మ గానీ, స్క్రిప్టు గానీ లేని ఒకే ఫైలు. యాప్ పడిపోయినప్పుడు కనిపించే పేజీ ఆ యాప్ నుంచి ఏమీ అడగకూడదు. "మా సర్వర్ ఆగింది. మీ చెరువుకి, మీ ఫోన్‌కి ఏమీ కాలేదు. రీడింగ్ కాగితం మీద రాసి పెట్టుకోండి, గంటలో మళ్ళీ చూడండి." కాగితం మీద రాయమని ఒక యాప్ చెప్పడం బాగుంటుందా అని ఒక స్నేహితుడు అడిగాడు. ఆ గంటలో రైతుకి కావాల్సింది ఆ అంకె పోకుండా ఉండటం. కాగితం ఆ పని చేస్తుంది.

జూన్ 24

ఇవాళ దొరికింది ఈ నెల మొత్తంలో నన్ను బాగా కలవరపెట్టింది.

ఉప్పదనం అంకెలన్నీ గ్రాఫ్ వేసి చూస్తున్నాను. 5 దగ్గర గోడ కట్టినట్టు చుక్కలు పేరుకుని ఉన్నాయి. సరిగ్గా 5.0, వందల కొద్దీ. ప్రకృతిలో అలా ఉండదు. మా వైపు ఎండాకాలంలో సముద్రపు నీళ్ళు ఉప్పుటేరు పట్టుకుని పైకి ఎగదన్నుతాయి, కాలువ నీళ్ళు వస్తే ఉప్పదనం తగ్గుతుంది. ఏ రెండు చెరువులూ ఒకలా ఉండవు. 2, 3 పీపీటీలో (లీటరుకి అన్ని గ్రాముల ఉప్పు) వనామీ రకం రొయ్య పెంచేవాళ్ళు బోలెడు మంది. అప్పుడు గుర్తొచ్చింది. మొదట్లో ఎక్కడో చదివి, ఉప్పదనం 5కి తగ్గకూడదని నియమం రాశాను. 2.8 రాస్తే యాప్ ముందుకి కదలదు. రైతులు ఏం చేస్తారు? 5 అని రాసి ముందుకి వెళ్ళారు.

ఒక్క ఎరర్ మెసేజ్ ఇంతమంది చేత నెలల తరబడి అబద్ధపు అంకె రాయించింది. వాళ్ళలో ఒకాయన్ని అడిగాను. "నీ యాప్ ఒప్పుకోలేదు బాబూ. పోనీలే, పెద్ద చదువులు చదివినవాళ్ళు పెట్టారు కదా, ఏదో కారణం ఉంటుందనుకున్నాను" అన్నారాయన. ఆ నమ్మకానికి నేను ఇచ్చింది ఇది.

ఆ పాత 5.0లన్నిటికీ "నమ్మదగినది కాదు" అని గుర్తు పెట్టాను. చెరిపెయ్యలేదు.

నియమాలన్నీ రెండుగా చీల్చాను. జరగడానికి వీల్లేనివి ఒకటి: పీహెచ్ 84, మేత మైనస్ 20. వీటికి మాత్రం యాప్ ఆగి అడుగుతుంది. జరగకూడనివి కానీ జరిగేవి రెండోది: డీవో 1.8, పీహెచ్ 9.3. వీటిని అడ్డుకోకూడదు! ఆ అంకె నిజమైతే, రైతు యాప్‌తో చెప్పుకోవాల్సిన అసలు ఘడియ అదే. ముందు సేవ్ చెయ్యాలి, తర్వాత మాట్లాడాలి. పాత కోడ్‌లో డీవో 3 కంటే తక్కువ రాస్తే సేవ్ అయ్యేదే కాదు. అంటే చెరువు ప్రాణం మీదకొచ్చిన రాత్రుల లెక్క మా దగ్గర ఒక్కటీ లేదు.

చెరువు హెచ్చరికలు ఎలా రాయాలా అని ఆలోచిస్తుంటే, మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిన పద్ధతి ఒకటి ఉందని తట్టింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గోదావరి లంకల్లో చదువురాని ముసలమ్మ కూడా రెండో హెచ్చరిక అంటే ఏం సర్దాలో, మూడోది అంటే ఎప్పుడు కదలాలో చెప్పగలదు. ఎన్నో హెచ్చరికో చెప్తే చాలు, వివరం మనుషుల దగ్గరే ఉంది. ఆ అంకెలు ఊరికే మారవు కాబట్టే ఆ జ్ఞానం నిలబడింది.

డీవోకి మూడు మెట్లు పెట్టాను. 4 కిందకి వస్తే మొదటి హెచ్చరిక, 3 కిందకి రెండోది, 2 కిందకి మూడోది. ప్రతి మెట్టు కింద ఒక్క లైను: ఏరేటర్లు పెంచండి; ఉదయం మేత ఆపి గంటకోసారి డీవో చూడండి; వెంటనే టెక్నీషియన్‌కి ఫోన్ చెయ్యండి, నంబరు ఇదుగో. ల్యాబ్ టెక్నీషియన్‌తో కూర్చుని రాసినవి ఇవి, నా సొంత పైత్యం కాదు. ఎరుపు రంగు ఈ మూడింటికే.

జూలై 1

దారి గుట్ట. అంటే సిగ్నల్.

పెదనాన్న రాత్రి జరిగినదాంట్లో ఒక చిక్కు ఉంది. జవాబు రాకపోతే "సేవ్ కాలేదు" అని చెప్పడం కూడా అబద్ధమే కావచ్చు. అయి ఉండొచ్చు, కాకపోయి ఉండొచ్చు, ఫోన్‌కి తెలియదు. ఆ మూడో స్థితిని నేను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. దాని ఫలితం మేత పేజీలో కనిపిస్తుంది. ఒక రైతు 25 కిలోల బస్తా ఒకటి వేసి నాలుగుసార్లు సేవ్ నొక్కాడు, 100 కిలోలు పడింది. ఎఫ్‌సీఆర్ లెక్క, అంటే కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టిందన్నది, ఆ చెరువుకి ఎటూ కాకుండా పోయింది.

పద్ధతి మార్చాను. సేవ్ నొక్కగానే రీడింగ్ మొదట ఫోన్లోనే, బ్రౌజర్ లోపల ఉండే ఇండెక్స్‌డ్‌డీబీ అనే డేటాబేస్‌లో పడుతుంది. అక్కడే దానికి ఒక గుర్తు సంఖ్య పుడుతుంది. అది సర్వర్‌కి ఎన్నిసార్లు వెళ్ళినా, అదే గుర్తు ఇదివరకే ఉంటే సర్వర్ కొత్తగా రాయదు, "అందింది" అని మాత్రం అంటుంది. డేటాబేస్‌లో ఆ గుర్తు ఒక్కసారే ఉండాలన్న నియమం పెట్టాను. ఇక తెలియని స్థితి గురించి రైతుకి చెప్పాల్సిన పనే లేదు. తెలియకపోతే ఫోన్ మళ్ళీ పంపుతుంది, నష్టం లేదు.

మెసేజ్ కూడా మారిపోయింది. "మీ ఫోన్లో భద్రంగా ఉంది. సిగ్నల్ రాగానే పంపుతాం." రాసి, చూసి, రెండో వాక్యం కొట్టేశాను. యాప్ మూసేసి ఉంటే వెనకాల పంపే సదుపాయం సఫారీలో లేదు, ఫైర్‌ఫాక్స్‌లోనూ లేదు. ఐఫోన్ ఉన్న రైతుకి ఆ వాక్యం ఉత్త మాట. ఇప్పుడు ఇలా ఉంది: "మీ ఫోన్లో భద్రంగా ఉంది. సిగ్నల్ ఉన్న చోట యాప్ ఒకసారి తెరవండి." పక్కన ఇంకా చేరని రీడింగులెన్నో ఒక అంకె. రంగు బూడిద.

సిగ్నల్ ఉందా లేదా అని బ్రౌజర్‌ని అడిగితే వచ్చే జవాబు మీద ఆధారపడలేదు. ఏదో ఒక నెట్‌వర్క్‌కి తగులుకుని ఉంటే చాలు, అది ఉందనే చెప్తుంది. నెట్‌వర్క్ ఉన్నంత మాత్రాన ఇంటర్నెట్ ఉన్నట్టు కాదు. మన సర్వర్‌కి ఒక చిన్న పలకరింపు పంపి, జవాబు వచ్చిందా అని చూడటమే నికరం.

జూలై 5

మధ్యాహ్నం 12కి గట్టు మీద ఎండలో నిలబడి యాప్ చూశాను. ఎరుపూ, బూడిదా ఒకలాగే ఉన్నాయి! రంగుతో మాత్రమే సమాచారం చెప్పకూడదని, వెబ్ అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణం మొదటి మెట్టులోనే, 1.4.1లో ఉంది. చూపు తక్కువ వాళ్ళ కోసమే అనుకునేవాణ్ణి. జూలై ఎండలో అందరి చూపూ తక్కువే. చెరువు హెచ్చరికకి గంట బొమ్మ, "రెండో హెచ్చరిక" అన్న పెద్ద అక్షరాలు. దారికి ఉత్త బాణం బొమ్మ.

మూడు సెకన్లకి మాయమయ్యే పట్టీలు తీసేశాను. చేతులు తడిగా ఉంటాయి, ఫోన్ తుడుచుకునే లోపు మెసేజ్ పోతుంది. ఇప్పుడు రైతు "సరే" అనేదాకా కదలవు.

చదివి వినిపించే టాక్‌బ్యాక్ కూడా పెట్టి చూశాను. పేజీ భాష తెలుగు అని ప్రకటించడం మర్చిపోయినట్టున్నాను, నా ఫోన్లో ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాలు వదిలేసి అంకెలు మాత్రం చదివింది. ఒక్క మాట సరిచేస్తే బాగుపడింది. హెచ్చరికకి అలర్ట్ అనే రోల్, మామూలు సమాచారానికి స్టేటస్ అనే రోల్. మొదటిది చదువుతున్న మాటని ఆపి మరీ చెప్తుంది, రెండోది అది అయ్యేదాకా ఆగుతుంది.

జూలై 9

మా సర్వర్ గుట్టలో మిగిలిన పని. ఊహించని ఎరర్ వస్తే నాలుగంకెల సంఖ్య ఒకటి చూపిస్తుంది: "ఇది మా వైపు సమస్య. మీ రీడింగ్ ఫోన్లోనే ఉంది. ఫోన్ చేస్తే ఈ సంఖ్య చెప్పండి: 4172." అంతకుముందు 32 అక్షరాల పొడుగు గుర్తు చూపించేవాణ్ణి, ఇంగ్లీషు అక్షరాలతో. ఒకాయన ఫోన్లో అది చదవడం మొదలుపెట్టి సగంలో ఆపేశారు. నాలుగంకెలు, దానితో పాటు రోజూ, టైమూ ఉంటే లాగ్‌లో మనిషి రాత్రి ఏం చేశాడో నాకు దొరుకుతుంది. లాగ్‌లో ఫోన్ నంబర్లు రాయడం మానేశాను.

జూలై 13

రాత్రి పెదనాన్న చెరువు మీద పడుకున్నాను. 4 గంటలకి ఆయన లేపారు. వాన పడి ఆగింది, ఏరేటర్లు రెండు తిరుగుతున్నాయి, నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. ఆయన బల్ల మీదకి వెళ్ళి మీటరు ముంచారు. 3.8. ఫోన్ తీసి, మెడకి వేలాడే కళ్ళజోడు పెట్టుకుని రాశారు. నేను ఏమీ మాట్లాడకుండా వెనక నిలబడ్డాను.

రెండు వచ్చాయి తెర మీద. పైన ఎరుపులో "మొదటి హెచ్చరిక: మూడో చెరువు డీవో 3.8. ఏరేటర్లు పెంచండి." కింద బూడిద రంగులో "మీ ఫోన్లో భద్రంగా ఉంది" అన్న మాట, పక్కన 1 అనే అంకె.

ఆయన పైదే చదివారు. కాపలా అబ్బాయిని పిలిచి మూడో ఏరేటరు వెయ్యమన్నారు. కింది లైను మీద వేలు పెట్టి, "ఇది నాకు చెప్తోందా, నీకు చెప్తోందా?" అని అడిగారు.

"మీకే పెదనాన్నా. రాసింది పోలేదని."

"అయితే అదేదో సిగ్నల్ వచ్చాక చెప్పమను. పోలేదని ఇప్పుడెందుకు? పోతుందని నేననుకోలేదుగా."

4:40కి మళ్ళీ చూశారు, 4.3. రాశారు, 2 అయింది. 6 గంటలకి మేత బస్తాలు తెచ్చిన ట్రాలీ వెనక రోడ్డెక్కాక ఆయన జేబులో ఫోన్ ఒకసారి మోగింది. రెండూ చేరాయి, ఒక్కోటి ఒక్కసారే.

రేపటికి పని: సిగ్నల్ రెండు గంటలకి మించి దొరక్కపోతేనే ఆ బూడిద లైను కనిపించాలి. అంతదాకా ఉత్త అంకె చాలు. మిగతా రైతులు కూడా పెదనాన్నలాగే అంటారో లేదో, ఈ వారం ల్యాబ్ దగ్గర కూర్చుని అడగాలి.